రెండు గంటల పాట

డ్రమ్ములు వాయించే ఎలోయ్ మూడోసారి వ్యాను ఆపమన్నప్పుడు, బృందం నడిపే హోయ్ట్ విసుక్కున్నాడు.

"ఇప్పటికే ఆలస్యమైంది. సీసాలకి సీసాలు నీళ్ళు తాగడం, అరగంటకోసారి దిగడం. రాత్రి ఏం పట్టించావురా?"

"ఏమీ లేదు, నీళ్ళే," అన్నాడు ఎలోయ్. దిగి, రోడ్డు పక్క ముళ్ళకంచె గుంజ పట్టుకుని వాంతి చేసుకున్నాడు. అలాగే కిందికి జారిపోయాడు.

బేస్ గిటార్ వాయించే నడీన్ స్టీరింగు వదిలి పరుగెత్తింది. మిట్టమధ్యాహ్నం. టెక్సస్ పత్తిచేల మీద ఆకు కదలడం లేదు. ఎలోయ్ ఊపిరి మాగిపోయిన పళ్ళ వాసన కొడుతోంది. డ్రమ్ము కర్రల సంచిలో ఇన్సులిన్ సీసా దొరికింది. ఖాళీది.

"షుగరుకి సగం సగం మోతాదే పొడుచుకుంటున్నాడు," అంది నడీన్. "సీసా మూడువందల డాలర్లు. నువ్వు మాకిచ్చేది రోజుకి నూట ఇరవై, అదీ పాట ఉన్న రోజున."

"నాతో ఒక్క ముక్క అనలేదే."

"అంటే ఇంకొకణ్ణి చూసుకుంటావని భయం. ఆ స్టీల్ గిటార్ వాయించే ముసలాయన సంగతి మర్చిపోయాడనుకున్నావా?"

హోయ్ట్ వంగి ఎలోయ్ భుజాలు పట్టుకున్నాడు. ఆ ముసలాయన మణికట్టు విరిగినప్పుడు, కట్టు ఆరకముందే అతని కుర్చీలో వేరేవాణ్ణి తను కూర్చోబెట్టింది నిజమే. ఇద్దరూ కలిసి ఎలోయ్‌ని మోసి వెనకసీట్లో పడుకోబెట్టారు.

జిల్లా ఆసుపత్రి వరండాలో హోయ్ట్ టోపీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఏడవాలని గానీ, ప్రార్థించాలని గానీ అనిపించలేదు. అలా అనిపించడం ఎప్పుడు ఆగిపోయిందో కూడా గుర్తులేదు.

పందొమ్మిదో ఏట పత్తిమిల్లు పని వదిలి గిటారు పట్టుకున్నాడు. మొదటి బృందం పెద్దాయన నేర్పిన పాఠం ఒక్కటే: ఎవరు పోయినా పాట ఆగకూడదు. ముప్పై ఒకటో ఏట ఒక పాట దేశమంతా మోగింది. ఊరూరా తిరిగి పాడడానికి పెద్ద బస్సు వచ్చింది, రెండేళ్ళకి పోయింది. పాట మీద హక్కులు రికార్డు కంపెనీకి పోయాయి. కూతురు పుట్టినరోజున తుల్సాలో పాడుతున్నాడు. తల్లిని పూడ్చిన మధ్యాహ్నం కూడా పాడాడు. ఆ సంగతి తెలిసి జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. అతను టోపీ తీసి వంగాడు. చేతులు వాటంతటవే తీగలు మీటాయి. ఇప్పుడు అరవై రెండు.

ఫోను మోగింది. ప్రోగ్రాములు కుదిర్చే గార్లండ్.

"ఎక్కడ తగలడ్డావయ్యా? రెండింటికి నీ పాట. ఇక్కడ సంతలో రెండువేలమంది ఎండలో కూర్చున్నారు. డబ్బు పెట్టిన ట్రాక్టర్ డీలరు నా ప్రాణం తీస్తున్నాడు."

"ఎలోయ్ జిల్లా ఆసుపత్రిలో ఉన్నాడు. స్పృహ లేదు."

"అయ్యో పాపం. సరేలే, డ్రమ్ములు నా కంప్యూటర్లో ఉన్నాయి, నొక్కితే మోగుతాయి. నువ్వొచ్చి పాడు. నీ పాత పాట ఒక్కటి పడితే చాలు, జనం ఇంకేమీ అడగరు. అక్కణ్ణుంచి పాతిక మైళ్ళేగా."

నడీన్‌కి ఆ మాటలన్నీ వినబడుతూనే ఉన్నాయి. తాళాలు అతని చేతిలో పెట్టింది. "వెళ్ళు. నేనుంటాను వాడి దగ్గర. ఇది పోతే సంతలవాళ్ళెవరూ నిన్ను పిలవరు. నాకూ ఇంటద్దె కట్టాలి."

ఆమె గొంతులో ఎత్తిపొడుపు లేదు. హోయ్ట్ లేచాడు. టోపీ పెట్టుకున్నాడు. గాజు తలుపుదాకా వెళ్ళాడు కూడా. బయట ఎండలో వ్యాను కనిపిస్తోంది, దాని పక్కతలుపు ఇంకా తెరిచే ఉంది.

"బయల్దేరావా?" అన్నాడు ఫోనులో గార్లండ్.

"లేదు."

"ఏమిటి లేదు?"

"రావట్లేదు."

"మీ అమ్మ పోయిన రోజే పాడినవాడివి, హోయ్ట్."

"పాడాను," అన్నాడు హోయ్ట్. గార్లండ్ ఇంకేదో అంటుండగానే ఫోను ఆపేశాడు. గొప్ప పని చేశానన్న ఊహేదీ రాలేదు. తాళాలు నడీన్‌కి తిరిగిచ్చి మళ్ళీ కూర్చున్నాడు. ఆమె వెళ్ళి వ్యాను పక్కతలుపు మూసి వచ్చింది.

లోపలినుంచి నర్సు కాగితాలు పట్టుకుని వచ్చింది. "ఎలోయ్ సెపెడా తాలూకు ఎవరండీ?"

"నేనే."

"ఇంకా ఏమీ చెప్పలేమంటున్నారు డాక్టరుగారు. ఇవి నింపాలి. పుట్టిన తేదీ?"

హోయ్ట్ నడీన్ వైపు చూశాడు. ఆమె తల అడ్డంగా ఊపింది.

"పెళ్ళయిందా? ఇంటి చిరునామా?"

"శాన్ ఏంజెలోలో ఎక్కడో. వీధి మలుపులో దింపేవాణ్ణి."

"ఎన్నాళ్ళుగా తెలుసండీ మీకు?"

"పందొమ్మిదేళ్ళు."

నర్సు కలం ఆగింది. "పోనీ, తెలియదని రాసుకోనా?"

"వద్దు," అన్నాడు హోయ్ట్. "ఖాళీగా ఉంచండి. లేచాక అడుగుతాను."

గోడమీద గడియారం రెండు దాటి పది నిమిషాలు చూపిస్తోంది.