నల్లప్ప పేరు మీది తొట్టి

తిప్పేష్‌కు అనంతపురంలో ఉద్యోగం ఉంది, సైకిలు ఉంది. ఉద్యోగం సంగతి అలా ఉంచండి, సైకిలు మాత్రం చాలా మంచిది. లావు టైర్లు, ముందూ వెనకా స్ప్రింగులు, చేతి కింద గేర్లు. దాన్ని బయట పెడితే ఎవరైనా ముట్టుకుంటారని మంచం పక్కనే పెట్టుకుని పడుకునేవాడు. ఆదివారం తెల్లవారిందంటే అలాంటి సైకిళ్ల వాళ్లంతా ఒక గుంపుగా కొండలకు పోయేవారు. ఆ గుంపుకు పెద్ద సరళ, కాలేజీలో లెక్కలు చెప్పే ఆవిడ. కొత్త దారి ఎవరు తెస్తే ఆ రోజుకు వాళ్లే ముందు నడవాలి, అదీ అక్కడి పద్ధతి. పాపం, తిప్పేష్ ఇంతవరకూ ఎప్పుడూ వెనకే.

ఈసారి ఎలాగైనా తన దారే ఒప్పించాలని పట్టుబట్టాడు. మడకశిర వైపు కొండ కింద గొర్రెలు నడిచి నడిచి పడిన సన్నటి బాట. గుండ్ల మధ్య దూరి, వంక దాటి, చివరికి నున్నటి బండ మీద నిలువునా దిగుతుంది. గుండె గట్టిగా లేనివాడు ఆ బండ దగ్గర సైకిలు దిగాల్సిందే. పైన నిలబడితే ఎర్ర నేలలు, చింతతోపులు కనుచూపు మేరా కనబడతాయి. అంత మంచి బాట తనకెలా తెలుసో మాత్రం అతను ఎవరికీ చెప్పలేదు. ఫోన్‌లో వెతికి పట్టానన్నాడు. నిజానికి పదో తరగతి అయ్యేదాకా వాళ్ల నాయన ముత్యాలప్ప వెనక గొర్రెలు తోలుతూ తిరిగిన బాట అది. గొర్రెలు కాసినవాడినని ఈ గేర్ల సైకిళ్ల వాళ్ల ముందు ఎలా చెప్తాడు?

టీ కొట్టు దగ్గర ఫోన్ మధ్యలో పెట్టుకుని లెక్కలు వేశారు. సరళ వేలితో బాటను అటూ ఇటూ జరిపి చూసింది.

"దారి బ్రహ్మాండంగా ఉండాది తిప్పేష్. నీళ్ల మాటేంది? ఈ ఎండల్లో నడిమధ్యలో నీళ్లు లేకుంటే నేను ఒక్కర్ని కూడా తోలుకొని పోను."

"గార్లదిన్నె దారే పెట్టుకుందాం మేడం," అన్నాడు మారుతి. వాడు తిప్పేష్ ఆఫీసువాడే. "ఆడ కాలవ పక్కనే పోవచ్చు."

తిప్పేష్ ఫోన్ తన వైపు లాక్కున్నాడు. ఇంకేముంది, దారి పోయింది, ముందు నడవడమూ పోయింది.

"ఉండాయి మేడం, నీళ్లుండాయి," అన్నాడు గబగబా. "కొండ కింద పెద్ద రాతి తొట్టి ఉండాది. ఎప్పుడూ నిండుగా ఉంటాది. తల తడుపుకోవచ్చు, సైకిళ్లు కూడా కడుక్కోవచ్చు."

"ఎవరిది తొట్టి?"

"ఎవరిదీ కాదు మేడం. పంచాయతీ పైపు."

చూడండి మరి! ఎంత సులువుగా వచ్చిందో ఆ మాట. ఆ కొండకు పైపూ లేదు, పాడూ లేదు. ఇంట్లో పెద్దవాళ్లు పోతే వాళ్ల పేరు మీద జీవాలకు తొట్టి కట్టించడం ఆ పక్క ఆనవాయితీ. కట్టిస్తే సరిపోదు, ఎండాకాలం అది ఎండకుండా చూసుకోవాలి. ఆ తొట్టి అంచు మీద 'నల్లప్ప' అని చెక్కి ఉన్న సంగతి కూడా తిప్పేష్‌కు తెలుసు. ఆ అక్షరాల మీద చెయ్యి పెట్టుకుని ఎన్నిసార్లు వంగి మొహం కడుక్కున్నాడో!

గుంపును తీసుకుపోయే ముందు ముగ్గురూ ఒకసారి చూసి వద్దామనుకున్నారు. వెళ్లారు. దారి తిప్పేష్ చెప్పినదానికన్నా బాగుంది. సరళ బండ మీద నుంచి దిగి, "శభాష్ తిప్పేష్!" అంటే అతనికి కాళ్లు నేల మీద ఆనలేదు. ఇంకాస్త ముందుకు రాగానే సూదిరాయి తగిలి మారుతి టైరు చీలింది.

ఆ టైర్లలో ట్యూబు ఉండదు. ముల్లు గుచ్చుకుంటే బొక్క పూడిపోవడానికి పాలలాంటి మందు పోసి ఉంచుతారు. సైకిలును కొండ కింది తొట్టి దాకా నడిపించుకొచ్చి, అక్కడే కూర్చుని మారుతి టైరు ఊడదీశాడు. చీలిక ఎంతుందో కడిగి చూద్దామని ఊడిన టైరును అట్లాగే నీళ్లలో ముంచాడు. లోపలి మందంతా తొట్టిలో కలిసిపోయింది. ఘాటైన వాసన గుప్పున లేచింది.

"అయ్యయ్యో!" అన్నాడు తిప్పేష్. జీవాలు తాగితే ఏమవుతుందో అతనికి ఒకరు చెప్పాలా? వంగి, తొట్టి అడుగున తూముకు కుక్కిన గుడ్డ పీకేశాడు. నిండు తొట్టి నీళ్లు మందునంతా ఈడ్చుకుని బుడబుడమని పోయాయి. నేల చూస్తూ చూస్తూ ఉండగానే తాగేసింది.

"పోనీలే, మళ్లా నింపుదాం," అంది సరళ. "పైపు యాడుండాది?"

తిప్పేష్ చేతిలో గుడ్డ పట్టుకుని నిలబడ్డాడు. ఏమని చెప్తాడు? గుడ్డను తొట్టి అంచున వదిలేశాడు.

గుండ్ల వెనక నుంచి గంటల చప్పుడైంది. గొర్రెలు మూతులు చాచుకుని పరుగున వచ్చి తొట్టి చుట్టూ మూగాయి, తడి రాయిని నాకాయి. వాటి వెనకే ఒక పెద్దామె, తిమ్మమ్మ, నల్లప్ప భార్య. తొట్టిలోకి తొంగి చూసి నెత్తిన చెయ్యి పెట్టుకుంది.

"నా మతి మండ! మబ్బుతోనే, తెల్లారకముందే లేసి మోసి పోసినా. గుడ్డ సరిగ్గా కుక్కలేదేమో. నాదే తప్పు." తనలో తను తిట్టుకుని, వీళ్ల వైపు తిరిగింది. "ఎండన పడి వచ్చినారు, మొహాలు వాడిపోయినాయి. రొంత నీళ్లు తాగండప్పా."

తడి గుడ్డ చుట్టిన సీసా చాచింది. మారుతి తాగాడు. సరళ తాగింది. సీసా తిప్పేష్ చేతికొచ్చింది. ఎత్తబోయాడు, ఎత్తలేకపోయాడు.

"నువ్వు కాదమ్మా. గుడ్డ నేనే పీకినా," అన్నాడు. మందు సంగతంతా చెప్పాడు. అబద్ధం సంగతి చెప్పడం మాత్రం దాటేశాడు. ఆ పని సరళే చేసింది.

"పంచాయతీ పైపు అంటివే తిప్పేష్?"

"పైపా?" అంది తిమ్మమ్మ. "ఈ కొండకు పైపు యాడిది తల్లీ? మా ఇంటాయన పేరు మీద కట్టించింది. అద్దో, పేరు చెక్కించినాం గదా." ఆమె తిప్పేష్ మొహంలోకి కళ్లు చికిలించి చూసింది. "యా ఊరప్పా నీది? ఎవరి కొడుకువు?"

చెప్పాడు. హెల్మెట్ తీయాలని అప్పుడు గుర్తొచ్చింది.

"గొర్రెల ముత్యాలప్ప కొడుకువా!" అంది. మారుతి తల తిప్పి చూశాడు. "తెలీనోళ్లయితే పోనీలే అందును. నీకు తెలిసి కూడా అట్ల చెప్పినావా?" కోప్పడలేదు ఆమె. కోప్పడి ఉంటే బాగుండేది. దాన్ని భరించడం అతనికి తేలికయ్యేది.

"కడవ ఇయ్యమ్మా, నేను తెస్తా."

చింతచెట్టు కింద ఉన్న కడవ చూపించింది. దాన్ని సైకిలు మీద ఎక్కడ పెట్టాలో అటు తిరిగి ఇటు తిరిగి చూశాడు. వెనక ఏమీ లేదు, ముందూ ఏమీ లేదు.

"ఇంత సైకిలుకు కేరియర్ లేదా?" అంది తిమ్మమ్మ.

సైకిలును అక్కడే పడేసి నడిచాడు. చేలల్లోని బోరు దగ్గరికి పోయి, నిండు కడవ భుజాన పెట్టుకుని, సైకిలు బూట్లతో రాళ్ల మీద జారుతూ వచ్చాడు. గొర్రెలు కదలకుండా అక్కడే ఉన్నాయి. సరళ ఫోన్ తీసి, మ్యాపులో ఆ తొట్టి దగ్గర పెట్టుకున్న నీళ్ల గుర్తు చెరిపేసింది.

కడవ వంచబోతుంటే తిమ్మమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. తొట్టి అంచున పడి ఉన్న గుడ్డ తీసి అతనికిచ్చింది.

"ముందు తూము మూయప్పా. మీ నాయన నేర్పించింటాడు గదా."

నేర్పించాడు. తిప్పేష్ మోకాళ్ల మీద కూర్చుని, గుడ్డను గట్టిగా మెలిపెట్టి, బొటనవేలితో లోపలికి కుక్కాడు.