షరతు చెప్పే సీన్

షరతు చెప్పే సీన్ కోసేశారని తెలిసిన రోజు నేను ఎడిటింగ్ గది తలుపు తట్టలేదు. తోసుకునే వెళ్లాను.

లోపల తెర ముందు తమ్ముడు కుర్చీలో కాళ్లు మడుచుకుని కూర్చున్నాడు. సినిమాకు దర్శకుడు వాడు, కథా, మాటలూ నావి. వాడి పక్కన ఎడిటర్. అతని అసలు పేరు ఎవరికీ గుర్తులేదు, అందరూ కత్తెర అంటారు.

"ఎవర్రా కోసింది?"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అందరూ శాకాహారులే, రొయ్యల బుట్ట మాత్రం మాయం.

"లాగ్ ఉందక్కా, సాగుతోంది," అన్నాడు తమ్ముడు చివరికి.

ఆ సీన్ ఏమిటో చెప్పాలి. మా హీరో జులాయి. తాత పోతూ పోతూ వాడికో వింత పరీక్ష పెట్టాడు. ఇచ్చిన డబ్బంతా నెలలోపు ఖర్చుపెట్టెయ్యాలి. చేతిలో చిల్లిగవ్వ మిగలకూడదు. నెగ్గితేనే అసలు ఆస్తి. ఇదంతా తాతే వీడియోలో చెబుతాడు. అన్నిటికంటే పెద్ద షరతు, ఎందుకు తగలేస్తున్నాడో ఎవరికీ చెప్పకూడదన్నది, లాయరు తన గదిలో వేలెత్తి చెబుతాడు. సినిమాలో నవ్వంతా దాని మీదే నిలబడింది. ప్రేమించిన పిల్ల తిడుతుంటే నిజం నాలుక చివరిదాకా వచ్చినా మింగేస్తాడు కాబట్టి నవ్వొస్తుంది. ఆ షరతు తెలియకపోతే వాడు ఉత్త మూర్ఖుడు.

ఆ లాయరు మా నాన్న.

నాన్న జీవితమంతా నాటకాల్లో వేశాడు. జబ్బు చేసి లేచాక మాట నెమ్మదించింది. మళ్లీ ఎవరూ పిలవలేదు. ఈ ఒక్క సీన్ కోసం గడ్డం గీసుకుంటూ అద్దం ముందు మాటలు వల్లె వేసుకున్నాడు. పక్కింటివాళ్లకూ మందుల షాపతనికీ గొప్పగా చెప్పుకున్నాడు.

"నాన్న మాటకీ మాటకీ మధ్య బస్సు వచ్చి వెళ్లిపోతుందక్కా," అన్నాడు తమ్ముడు. "అయినా కామెడీకి లాజిక్కేంటి?"

"కామెడీకే కావాలిరా! ఏడుపు సినిమాలో తప్పుంటే కన్నీళ్లు కప్పేస్తాయి. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. వాడు ఆ పిల్లకి ఎందుకు చెప్పట్లేదో ఎలా తెలుస్తుంది?"

"తెలుసు కదా మేడమ్," అన్నాడు కత్తెర తెర మీంచి చూపు తిప్పకుండా.

"ఎవరికి?"

"మనకి."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. వీళ్ల జబ్బే అది. చూసిందే చూసీ చూసీ ఆ గదిలో అందరికీ షరతు కంఠతా వచ్చేసింది. సీన్ తీసేసినా వాళ్ల బుర్రల్లో అది ఆడుతూనే ఉంది. రోజూ వెళ్లి పోట్లాడాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది.

"పోనీ, ప్రివ్యూకి ముందే నాన్నకి చెప్పు," అన్నాను తమ్ముడితో చివరికి.

"నువ్వు చెప్పక్కా."

"కోసింది నువ్వు. చెప్పేదీ నువ్వే," అని వచ్చేశాను.

ప్రివ్యూ రోజు మధ్యాహ్నం నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని, పక్కింటివాళ్లనూ మందుల షాపతన్నీ వెంటబెట్టుకుని వచ్చాడు. అంటే వాడు చెప్పలేదు. ఆ చిన్న హాల్లో నాన్నకు అటు తమ్ముడు, ఇటు నేను కూర్చున్నాం.

తాత వీడియో అయిపోయింది. హీరో లాయరు ఆఫీసు మెట్లెక్కాడు. చీకట్లో నాన్న వేలు మోకాలి మీంచి లేచింది. తెర మీద హీరో అప్పుడే హోటల్లో ఊరందరికీ విందు ఇస్తున్నాడు. ఆ వేలు కాసేపు అలాగే ఉండి దిగింది. తమ్ముడి చెంప పగలగొట్టకుండా కుర్చీ చేతిని గట్టిగా పట్టుకుని కూర్చున్నాను.

మొదట్లో జనం నవ్వారు. తర్వాత ఆ పిల్ల హీరో చొక్కా పట్టుకుని, ఎందుకిలా తగలేస్తున్నావని నిలదీసే చోటు వచ్చింది. హీరో నీళ్లు నమిలాడు. నేను రాసిన వాటిలో అన్నిటికంటే ఎక్కువ నవ్వు రావాల్సిన చోటు అది. హాల్లో ఎవరో దగ్గారు.

నాన్న తమ్ముడి వైపు వంగాడు. మాట నెమ్మదించింది గానీ నాటకాల గొంతు తగ్గలేదు, చివరి వరుసదాకా వినిపించింది.

"ఒరే, వీడు... ఆ పిల్లకి నిజం... చెప్పేయొచ్చు కదరా?"

"చెప్పకూడదు నాన్నా!" తమ్ముడు విసుక్కున్నాడు. "చెబితే ఆస్తి మొత్తం పోతుంది. అది షరతు."

"ఓహో," అన్నాడు నాన్న. "ఎవరు చెప్పారు?"

వెనక వరుసలోంచి మందుల షాపతను, "నేనూ అదే అడుగుదామనుకుంటున్నానండీ," అన్నాడు.

తమ్ముడు వెనక్కి తిరిగి అతని మొహం చూశాడు. నెలంతా నేను గొంతు చించుకుంటే ఎక్కనిది ఇప్పుడు వాడి బుర్రకి ఎక్కింది. నాకు సంతోషం కలగాలి కదా, నాన్న చేత అడిగించుకున్నాడని కోపం రెట్టింపయింది.

"షరతు లేకుండా... కథ ఎక్కడిదిరా," అన్నాడు నాన్న. "నేను మరీ నెమ్మదైతే... ఇంకెవరితోనైనా చెప్పించు."

"ఇంకెవరూ చెప్పక్కర్లేదు!" అంటూ లేచి నిలబడ్డాను. వెనకవాళ్లు కూర్చోమని అరిచారు. నేను కూర్చోలేదు. తమ్ముడి ముందుకు వెళ్లి నెత్తి మీదే నిలబడ్డాను.

వాడు నా వైపు చూడలేదు. ముందు వరుసలో ఉన్న కత్తెర భుజం తట్టాడు.

"నాన్న సీన్ మళ్లీ పెట్టు," అన్నాడు. గొంతు సరిచేసుకుని, "మాటల మధ్య ఖాళీలు కూడా కొయ్యకు," అన్నాడు.