ఎడమకి లాగే పుల్ల

రాజోలు సెంటర్లో సెల్‌ఫోన్లు బాగుచేసే అభిషేక్‌కి చెల్లెలు క్రిస్టీనా అంటే ప్రాణం. ఈ మాట ఎవరూ అడక్కపోయినా వాడే చెబుతుంటాడు. బీటెక్ చదివాడు, ఉద్యోగం దొరకలేదు. పగలంతా కొట్లో టంకం వేసుకుంటూ కూర్చుని, సాయంత్రం కాగానే ఫోను ముందు నిలబడి వీడియోలు తీసేవాడు. చేత్తో పట్టుకుని ఆడుకునే గేమ్ మిషన్ ఉంటుందే, దాని కొత్త మోడల్లో ఏమేం మారాలన్నదే వాడి వీడియోలన్నిటికీ విషయం. తెర ఎండలో కూడా కనబడాలి, బ్యాటరీ రోజంతా ఆగాలి, వేలితో తిప్పే పుల్లలో అరిగిపోయే ముక్క తీసేసి అయస్కాంతం పెట్టాలి. ఆ మిషన్ తయారుచేసే కంపెనీవాళ్ళు తన మాట కోసమే చెవులు రిక్కించుకుని కూర్చున్నట్టు వేలు ఊపుతూ మరీ చెప్పేవాడు. వాడి స్నేహితులు తప్ప ఆ వీడియోలు ఎవరూ చూసేవారు కాదు.

ఒకరోజు ముచ్చటకి చెల్లెల్ని కూర్చోబెట్టి, ఆమె ఆడుతుంటే వీడియో తీశాడు. అక్కడొచ్చింది చిక్కు.

ఆమె ఆడే మిషన్ కువైట్ నుంచి వచ్చింది. వాళ్ళమ్మ కృపావతి పనిచేసే ఇంట్లో పిల్లాడు పుల్ల పాడైందని విసిరేస్తే, ఆవిడ ఏరి, కార్టన్‌లో దుప్పట్ల మధ్య పెట్టి పంపింది. ముట్టుకోకపోయినా పుల్ల ఎడమకి లాగుతుంది. తెరమీద బొమ్మ దానంతటదే ఎడమకి నడిచి గోతిలో పడుతుంది. క్రిస్టీనా ఆ లోపంతోనే సర్దుకుపోయింది. బొటనవేలు ఎప్పుడూ కాస్త కుడికి నొక్కిపట్టి ఆడటం అలవాటు చేసుకుంది. సన్నటి వంతెన మీద ఆమె బొమ్మని పరిగెత్తిస్తుంటే చూసేవాళ్ళకి ఊపిరి ఆడేది కాదు. ఆ వీడియో ఊళ్ళు దాటిపోయింది. కింద అందరూ రాసింది ఒకటే: అన్నా, నువ్వు కాసేపు నోరు మూసుకో, అక్కని ఆడనియ్యి.

అభిషేక్ నవ్వాడు. నవ్వి, ఆ రాత్రి అన్నం తినలేదు.

తరవాత హైదరాబాదులో గేములు పరీక్షించే కంపెనీ ఒకటి ఉత్తరం రాసింది. వాడికి కాదు, ఇంటర్‌తో చదువు ఆపేసిన క్రిస్టీనాకి. సోమవారం పదకొండు గంటలకి వీడియో కాల్‌లో మీ మిషన్ మీదే ఆ వంతెన దాటి చూపించండి, బాగుంటే ఉద్యోగం ఇస్తాం అని.

ఆ పిల్లకి ఆ ఉద్యోగం ఎంత అవసరమో ఇంట్లో అందరికీ తెలుసు. కువైట్‌లో కృపావతికి మోకాళ్ళు పోయాయి. ఆ ఇంటి యజమానురాలు, నువ్వు వెళ్ళిపో, నీ బదులు నీ కూతుర్ని పంపు, వీసా నేనే తీస్తాను అంది. వాళ్ళ నాన్న ఏలీయా గారు చర్చిలో సంఘపెద్ద, పెద్దమనిషి.

"హైదరాబాదు పని దొరికిందా, సరేనమ్మా. దొరక్కపోతే మీ అమ్మ చోటికి నువ్వు వెళ్ళు. దేవుడి చిత్తం ఎలా ఉంటే అలా" అన్నాడు.

దేవుడి చిత్తమట. అది కొడుకు చేతిలోని స్క్రూడ్రైవర్ మీద ఆధారపడి ఉందని ఆ పెద్దమనిషికి తెలియదు పాపం.

ఆదివారం క్రిస్టీనా చర్చికి వెళ్ళగానే అభిషేక్ మిషన్ విప్పాడు. కొత్త తెర వేశాడు, కొత్త బ్యాటరీ వేశాడు. వీడియో కోసమని తెప్పించుకున్న అయస్కాంతం పుల్ల బిగించాడు. చెల్లెలి వేలు కుడికి వాలి ఉంటుందని అందరికంటే ముందు చూసినవాడు వాడే, ఆ వేలిని దగ్గరగా వీడియో తీసినవాడూ వాడే. పాడైపోయింది బాగుచేస్తే తప్పేమిటని తనని తాను ఒక్కసారి అడిగాడు. జవాబు తెలుసు కాబట్టి రెండోసారి అడగలేదు. పాత పుల్ల చొక్కా జేబులో పడేసుకున్నాడు. కొత్త తెరకి అంటించిన గమ్ ఆరాలని చెప్పి, మర్నాడు పదకొండు కావస్తుండగా మిషన్ ఆమె చేతిలో పెట్టాడు.

క్రిస్టీనా పుల్ల కదిపి చూసింది.

"దీన్నెందుకు ముట్టుకున్నావన్నయ్యా? నాకు అదే అలవాటు కదా!"

"వాడు నీ మంచికే చేసేడు. థాంక్స్ చెప్పు" అన్నాడు ఏలీయా గారు.

"ఆయ్, థాంక్స్ అన్నయ్యా" అంది.

మూడు అవకాశాలిచ్చారు. మూడుసార్లూ బొమ్మ వంతెన మీద రెండడుగులు వేసి కుడివైపు గోతిలో పడిపోయింది. వేలికి ఎంత చెప్పినా వినలేదు. మిషన్లో పుల్ల మార్చేశారండీ అని ఆమె అంటుంటే, కాల్‌లో ఉన్న కుర్రాడు చిరాగ్గా, "మిషన్ తళతళలాడుతోంది కదండీ, సాకులెందుకు?" అని కాల్ పెట్టేశాడు.

"అన్నయ్యా, నీ కాళ్ళు పట్టుకుంటాను. పాత పుల్ల వేసెయ్. ఇంకొక్కసారి చూడమని వాళ్ళని బతిమాలుకుంటాను."

"పారేసేను కదే" అన్నాడు, జేబు మీద చెయ్యి వేసుకుని.

రెండ్రోజుల తరవాత ఉతికి మడతపెట్టిన చొక్కా తొడుక్కుంటే జేబులో ఆ పుల్ల తగిలింది. ఎవరూ చూడలేదని గుండె కుదుటపడి, దాన్ని తీసుకెళ్ళి కాలవలో విసిరేశాడు. నెల తిరక్కుండా వీసా వచ్చింది. తల్లి ఇంటికొచ్చింది, కూతురు వెళ్ళింది. ప్రయాణం ముందు ఇంట్లో ప్రార్థన పెట్టినప్పుడు అందరికంటే గట్టిగా ఏడ్చినవాడు అభిషేక్. చూసినవాళ్ళు, అన్నంటే అలా ఉండాలి అనుకున్నారు.

కొన్నాళ్ళకి ఒక శుక్రవారం క్రిస్టీనా వీడియో కాల్ చేసింది. వెనక పిల్లాడి గది, మెత్తటి తివాచీ. ఫోను బల్లవైపు తిప్పింది.

"చూడన్నయ్యా, కొత్త మోడల్. నువ్వు చెప్పినవన్నీ పెట్టేరు ఇందులో. తెర ఎంత వెలుగో!"

అభిషేక్ ఫోనులోకి దూరిపోయేలా చూశాడు. "పుల్ల? పుల్లలో అయస్కాంతం పెట్టేరా? ఆడి చూసేవా?"

"నన్ను ముట్టుకోనివ్వరు. రోజూ గుడ్డతో తుడవడమే." తరవాత మామూలుగానే అంది. "పాత పుల్ల నీ చొక్కా ఉతుకుతుంటే దొరికింది. ఆరేసేక మళ్ళీ జేబులోనే పెట్టేను. చూసుకున్నావా?"

అవతల ఎవరో అరబ్బీలో గట్టిగా పిలిచారు. కాల్ ఆగిపోయింది.

పక్కన మంచం మీద కృపావతి మోకాళ్ళకి బామ్ రాసుకుంటోంది. రాసే చెయ్యి ఆగింది.

"ఏ పుల్లరా అభీ?" అని అడిగింది.