ఆరో పాఠం, పద్నాలుగో నిమిషం

మూడు రోజుల నుంచి నలుగుతున్న గొడవ ఆ ఉదయం కూడా తెగలేదు. ఆ ఒక్క ఆరో పాఠమూ వినేస్తే పోతుంది కదా అని భర్త. అది మాత్రం ముట్టుకోనని ఆమె. అసలు కోర్సే మూసేయమని కొడుకు. పరీక్షంటూ రాస్తే తనూ పక్కనే కూర్చుని చూసి రాస్తానని అత్తగారు.

"ఆగిపోయిన బండిలో ఎన్నాళ్లు కూర్చుంటావు?" అన్నాడు భర్త, చొక్కా బొత్తాలు పెట్టుకుంటూ. ముప్ఫై ఏళ్లుగా బస్సు నడుపుతున్న మనిషి. ఏ సంగతైనా ఆయన నోట బండి దగ్గరికే వచ్చి ఆగుతుంది.

ఆమె కడిగిన గ్లాసులు బోర్లించి, తడి చేతులు తుడుచుకుని, కిటికీ పక్క చిన్న బల్ల దగ్గర కూర్చుంది. ఆరున్నరయింది. గోడకి కూతురు అంటించుకున్న కాగితంలో మొదటి మాట అదే: రోజూ ఒకే చోట, ఒకే వేళ. రెండోది, ఫోను వేరే గదిలో. మూడోది, విన్నది చేత్తో రాయాలి. నాలుగోది, అర్థం కాకపోతే ఆ రోజే అడగాలి. ఇంట్లో కూర్చుని కాలేజీ చదవడమంటే గోడలతో సంసారమేనని నవ్వేది పిల్ల.

జ్వరమని ఆస్పత్రిలో చేర్చిన నాలుగో రోజుకే పిల్ల కన్నుమూసింది. పది రోజులు పోయాక కాలేజీ నుంచి సందేశం వచ్చింది. మీరు తరగతికి రావడం లేదు, ఇలాగే ఉంటే పేరు తొలగిస్తాం, అని. తొలగించడమన్న మాట దగ్గరే ఆమె చదవడం ఆపేసింది. పిల్ల లాప్‌టాప్ తెరిచి, దాని పేరుతోనే ఆన్‌లైన్ తరగతి లోపలికి వెళ్లింది. విద్యార్థుల వరసలో ఆ పేరు పక్కన ఆకుపచ్చ చుక్క వెలిగింది. అప్పట్నుంచి నాలుగు నెలలుగా, దీపం పెట్టినట్టు, రోజూ వెలిగిస్తూనే ఉంది. అత్తగారు ఒకసారి ఆ చుక్కని చూసి "వచ్చిందా?" అని అడిగి, మరుక్షణమే ఏదో పనున్నదానిలా లోపలికి వెళ్లిపోయింది.

ఆరో పాఠం పద్నాలుగో నిమిషం దగ్గర ఆగి ఉంది. విన్నంత మేర చూపే నీలం గీత అక్కడి దాకా వచ్చి, ఆపైన ఖాళీ. అది పిల్ల ఆపిన చోటు. వింటే గీత జరిగిపోతుంది. వెనక్కి వెళ్లి మొదటి పాఠం విందామన్నా, ఏది నొక్కితే ఏది చెరుగుతుందోనని భయం. అందుకే ఏడో పాఠం నుంచి మొదలుపెట్టింది. రక్తం, నరాలు, మూత్రపిండాలు. పుస్తకం నిండా రాసింది. ఒక్క ముక్క తలకెక్కలేదు.

ఆరో పాఠం ముగించడానికి ఆ సాయంత్రం ఆరింటితో గడువు; లేకపోతే పేరు పోతుందని మూడు రోజుల కిందటే సందేశం వచ్చింది.

ఆస్పత్రి బట్టల గదిలో ఆమెని అందరూ సూదక్క అంటారు. ఇరవై రెండేళ్లుగా చిరిగిన దుప్పట్లూ, రోగుల గౌన్లూ వెలుతురుకి పట్టి చూసి కుట్టడమే పని. ఆ రోజు ఇస్త్రీ ఆవిడ తనే ఒక గౌను కుట్టి తెచ్చింది. సూదక్క కాస్త లాగింది. కుట్టంతా ఊడి చేతిలోకొచ్చింది.

"చిరుగు అంచున మొదలెడితే నిలవదమ్మా. ఇంకాస్త వెనక్కెళ్లు. గట్టి బట్ట దొరికిందాకా వెళ్లి, అక్కణ్ణించి రా."

ఆ మాట అని, సూది గుచ్చబోయి ఆగింది. 

మధ్యాహ్నం అన్నం గిన్నె మూత కూడా తియ్యకుండా, పాఠం చెప్పే మేడమ్‌కి ఫోనులో రాసింది. నేను ఆ అమ్మాయిని కాదండీ, వాళ్లమ్మని, అమ్మాయి లేదు, అని. ఇన్నాళ్లూ దాని పేరుతో వచ్చి తప్పు చేశాను, ఒక్క ముక్క అర్థం కావడం లేదు, ఏం చెయ్యమంటారు, అని. గోడ మీది నాలుగో మాటని ఆమె పాటించడం అదే మొదటిసారి.

జవాబు గంటలో వచ్చింది. ఆ పేరు తీసేయక తప్పదనీ, ఆరింటి దాకా మాత్రం అలాగే ఉంచుతాననీ రాసింది మేడమ్. చివర్న, "మీ పేరుతో చేరండమ్మా. మొదటి పాఠం నుంచి."

ఐదూ ఇరవైకల్లా బల్ల ముందుంది. ఇన్నాళ్లూ తెరవని పిల్ల పుస్తకం తెరిచింది. చివరి పేజీలో గుండ్రటి అక్షరాలు: 'ఎడమ ఊపిరితిత్తి కుడిదానికన్నా చిన్నది, ఎందుకంటే'. అక్కడితో సరి.

ఆమె ఆరో పాఠం నొక్కింది. "...పక్కనే ఉన్న గుండెకి చోటివ్వాలి కాబట్టి," అంది మేడమ్ గొంతు, ఏమీ ఎరగనట్టు. నీలం గీత కదిలింది. మిగిలిన ఇరవై రెండు నిమిషాలూ చేతులు ఒళ్లో పెట్టుకుని వింది. గీత చివరికంటా వెళ్లింది. ఆరింటికి వరసలో పై పేరూ కింది పేరూ దగ్గరికి జరిగాయి. మధ్యలో ఎవరూ లేరు.

భోజనాల దగ్గర అందరికీ వడ్డించాక చెప్పింది.

"దాని పేరు తీసేశారు. నేనే చెప్పాను. సోమవారం నుంచి నా పేరుతో చదువుతాను, మొదట్నించీ. ఇంటర్ పాసైన కాగితం పెట్టెలో ఉంది."

భర్త కంచంలో చెయ్యి ఆగింది. కొడుకు తల దించుకున్నాడు.

"పొద్దున్న ఆరున్నరకేనా?" అంది అత్తగారు.

"ఆరున్నరకే అత్తయ్యా."

"అయితే గ్లాసులు నేను కడుగుతాలే."

కిటికీ పక్క బల్ల మీద పిల్ల పుస్తకం తెరిచే ఉంది. 'ఎందుకంటే' పక్కన మిగిలిన ఖాళీలో, మూత తీసిన పెన్ను.