పిట్ట ముట్టని గటక

విస్తరిలో గటక వణుకుతోంది.

గాలికి కాదు. పక్కనే పెట్టిన పెద్ద స్పీకరు అదురుకి.

బతకడానికి వలసొచ్చిన బమ్రోలిలో, అద్దె ఇంటి డాబా మీద, సోమలింగానికి ఏడాది దినం. అతనికి ఇష్టమైన మక్క గటక — మొక్కజొన్న సంకటి — పుంటికూర. పిట్ట ముట్టాలి. ముట్టితే పోయినవాడు తృప్తిపడ్డట్టు.

కాకి నీళ్ళ ట్యాంకు మీదే కూర్చుంది... దిగడం లేదు.

అతని భార్య వజ్రమ్మకు మిగిలిన కోరిక ఇదొక్కటే. పోయినప్పుడు కరోనా అని మొహం చూడనివ్వలేదు. పిట్టకు పెట్టనివ్వలేదు.

స్పీకరులో సోమలింగం మీద పాట. కట్టింది పక్క గల్లీ అంబదాస్.

"నీ పేరే నిన్ను మింగెనన్నో..."

పేరట!

పేరుకు నోరుందా? పేరుకు పళ్ళున్నాయా?

లాక్‌డౌన్‌లో సోమలింగం నడిపే సాంచాలు, ఆ మరమగ్గాలు, ఆగాకే కదా, ఆ మోత కింద అన్నేళ్ళు అణిగిన అతని గొంతు జనానికి వినపడింది. ఫోన్లలో పడి ఊరూరా తిరిగింది. దండలేశారు. ఆ తర్వాత వదల్లేదు.

మరుసటి ఎండాకాలం... జ్వరం. దగ్గు. అయినా తలుపు తట్టారు.

"ఒక్కటే పాట వదినా! లైవ్‌ల మస్తు మంది సూస్తున్రు."

తట్టింది ఈ అంబదాసే.

ఆమె అడ్డం నిలబడింది. అతను లేచి వెళ్ళాడు. పిలిస్తే కాదనలేని మనిషి. పాడుతూ పాడుతూ గోడ పట్టుకున్నాడు. ఫోను నిండా చప్పట్ల బొమ్మలు ఎగిరాయి.

మంచం పట్టి, మాట పడిపోయాక, చేత్తో ఒక్కటే సైగ — చప్పుడు ఆపమని.

ఫోను మోగుతూనే ఉంది.

ఇప్పుడు పాటలో ఆ తలుపు లేదు. తట్టిన చెయ్యి లేదు. తిలా పాపం తలా పిడికెడు అంటారు... వీళ్ళు ఆ పిడికెడు కూడా తీసుకోలేదు. అంతా పేరు నెత్తిన రుద్దారు.

వజ్రమ్మకు ఒళ్ళు మండిపోయింది.

"కాకి వస్తలేదంటే అన్నకేదో కోరిక మిగిలింది వదినా," అన్నాడు అంబదాస్. "జర సౌండ్ పెంచుదాం. పాట ఇననీ."

"మిగిలిందిరా. ఏం కోరికనో నాకెరుకే."

వైరు పట్టి పీకింది.

"మింగింది పేరు కాదురా... నువ్వు! గీ గల్లీ! గా మాట పెట్టు నీ పాటల."

కింద ఎక్కడో సాంచాల మోత.

గటక కదలకుండా ఉంది.

కాకి పిట్టగోడ మీదికి దిగింది. విస్తరి వైపు చూసింది. జనం వైపు చూసింది.

ఎవరూ కదలొద్దు... ఎవరూ పాడొద్దు.

వజ్రమ్మ వైరును చేతికి చుట్టుకుంది.