ఆయన వేలు చూపించిన వైపు

మా అమ్మాయి సంచిలో రెండు జతల బట్టలు, దువ్వెన, దుప్పటి, తడిపి పిండిన తువ్వాలు పెట్టాను. పోలీసులు పొగ వదిలితే ముక్కుకి అడ్డం పెట్టుకోవడానికి తడి తువ్వాలు మంచిదని అదే చెప్పింది. అది కాలవగట్టు బళ్ళో టీచరు. గట్టు మీది ఇళ్ళు కూల్చి రోడ్డు వేస్తామంటున్నారు. వద్దనేవాళ్ళతో కలిసి ఊరేగింపుగా వెళ్ళి, కొన్నాళ్ళు ఆ గట్టు మీదే కూర్చుంటుందట. దాని సంచి అయ్యాక వాళ్ళ నాన్న సంచి సర్దాను. నీళ్ళ సీసా, కళ్ళజోడు డబ్బా, బీపీ మాత్రలు. ఆయన ఓవర్సీరుగా రిటైరయ్యారు. రోడ్డు పడాల్సిందేననే ఊరేగింపులో ముందు వరసలో నడిచే పెద్దమనిషి. ఒకే గుమ్మంలోంచి ఇద్దరూ కొంచెం వెనకా ముందుగా వెళ్ళారు. ఎటు వెళ్ళేవాళ్ళకైనా సీసాలు నింపింది నేనే.

రెండు సంచులకీ వెనకవైపు నల్లచుక్కల తెల్లగుడ్డ ఒకటి, అరచెయ్యంత, కుట్టి ఉంటుంది. మా ఇంట్లో ప్రతి సంచికీ ఉంటుంది. నా చిన్నప్పుడు మా అన్నయ్య రైలెక్కి వెళ్ళాడు. కిటికీల నిండా చేతులు ఊగుతుంటే అందులో వాడిదేదో పోల్చుకోలేకపోయాను. అదే ఆఖరు చూపు. అప్పట్నుంచి నావాళ్ళు ఎవరు గడప దాటినా మలుపు తిరిగేదాకా కళ్ళు చిట్లించుకుని చూస్తాను. గుంపులో కలిసిపోయినా కనపడాలని ఆ గుడ్డ. "మనం మనుషులమా, సామానా?" అని ఆయన వెక్కిరించేవారు. "పోనీలే నాన్నా, అమ్మ తృప్తి" అనేది అమ్మాయి.

కొన్నాళ్ళుగా మా ముందుగది మాది కాకుండా పోయింది. పొద్దున ఆయన మనుషులు, మధ్యాహ్నం దాని స్నేహితులు. వాళ్ళు ఊరు బాగుపడటం గురించి మాట్లాడతారు, వీళ్ళు నిలవనీడ లేనివాళ్ళ గురించి. వంటింట్లోంచి వింటుంటే రెండూ సబబుగానే ఉంటాయి. మధ్యమధ్య మాత్రం ఇరుపక్షాలదీ ఒకటే కేక: "అమ్మా, టీ!" ఒకసారి అమ్మాయి స్నేహితుడొకడు, ఒకరి కష్టం ఇంకొకరు తినడం ఎంత అన్యాయమో ఆవేశంగా చెబుతూ, నా మొహం కూడా చూడకుండా ఖాళీ గ్లాసు నా చేతిలో పెట్టాడు. ఏ జెండా పట్టినవాళ్ళు తాగినా గ్లాసు అడుగున మిగిలేది ఒకటే మరక.

నేను బడికి వెళ్ళినదాన్ని కాదు. వంటింటి కిటికీకి ఎదురుగా పొడవాటి గోడ ఉంది. ఎన్నికలొచ్చినప్పుడల్లా ఒకరి రాతల మీద ఇంకొకరు సున్నం కొట్టి తమవి రాసుకునేవారు. అమ్మాయి ఒకటో క్లాసులో ఉండగా నా పక్కన స్టూలెక్కి ఆ అక్షరాలు చెప్పేది. నేను గిన్నెలు తోముతూ కూడబలుక్కునేదాన్ని. 'అమ్మ' అనే మాట కంటే ముందు 'వర్ధిల్లాలి' చదవడం వచ్చింది నాకు. "గోడలు చదివి గవర్నరువవుతావా? పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి చూడు" అనేవారు మా అత్తగారు. ఆ తర్వాత అమ్మాయి పాఠ్యపుస్తకాలు, దొరికిన నవలలు, ఏవైనా చదివాను. చదివానన్న సంగతి మాత్రం ఇంట్లో ఎవరూ పట్టించుకోలేదు.

ఆ శుక్రవారం మధ్యాహ్నం మేడ మీది వరండాలో నిలబడ్డాను. కింద వాటాలో మిషను కుట్టే వదిన కూడా పైకి వచ్చింది. నాలుగు రోడ్ల కూడలి మా వరండాకి ఎదురుగానే. అటునుంచి వాళ్ళు, ఇటునుంచి వీళ్ళు. మధ్యలో పోలీసులు అడ్డం పెట్టిన ఇనప కంచెలు.

"ఇంతమంది ఉన్నారా వదినా మన ఊళ్ళో? బస్సులో చోటెందుకు దొరకదో ఇప్పుడు తెలిసింది" అంది.

నాకు నవ్వు రాలేదు. సంచుల కోసం వెతుకుతున్నాను.

"మీకేం, ఇంట్లో రెండు పక్షాలూ ఉన్నాయి. ఎవరు గెలిచినా మీరే గెలిచినట్టు."

"ఎవరు గెలిచినా ఆ బట్టలు ఉతికేది నేనేలే."

అమ్మాయి కనిపించింది. అంటే, చుక్కల గుడ్డ కనిపించింది. దుమ్ముకి ఆడపిల్లలంతా చున్నీలు మొహానికి చుట్టుకున్నారు. కన్నతల్లిని, నాకే ఏది ఎవరో తెలియలేదు. కిందపడిన ఒక ముసలామెని లేవదీయడానికి అది వెనక్కి తిరిగి వంగింది. 'అమ్మయ్య, బాగానే ఉంది' అనుకుని ఆయన కోసం చూశాను. ఆయన కంచె దగ్గరే ఉన్నారు. ఒక పక్క కంచె ఒరిగిపోయి సందు ఏర్పడింది. ఆయన అవతలి గుంపుని నిదానంగా వెతికి, ఒకచోట చూపు ఆపారు. పక్కనున్న కుర్రవాళ్ళ భుజం తట్టారు. కుడిచెయ్యి చాచి, వేలు చూపించారు. సరిగ్గా ఆ గుడ్డ వైపు.

ఆ వేలు నాకు తెలుసు. ముప్పై ఏళ్ళకి పైగా ఈ ఇంట్లో ఆయన చేసిన పని ఆ వేలితోనే. మూలనున్న బూజుని చూపించేది. చొక్కా కాలరు మీది మడతని చూపించేది. చుట్టాల ముందు నన్ను చూపించి "ఈవిడా, ఇంట్లోనే ఉంటుంది, పనేం లేదు" అనేది. "మొగుడు నోరు తెరవక్కర్లేకుండా మసులుకోవాలమ్మా" అని అత్తగారు నేర్పితే, ఆ వేలు ఎటు లేస్తే అటు పరిగెత్తాను. ఇప్పుడు నాలాగే ఆ కుర్రవాళ్ళూ పరిగెత్తారు. ఎందుకని ఒక్కడూ అడగలేదు. వాళ్ళ చేతుల్లో జెండా కర్రలున్నాయి.

కర్ర లేవడం చూశాను. దిగడం చూశాను. సంచి ఒక పక్కకి, పిల్ల ఒక పక్కకి పడ్డాయి.

"అయ్యో, ఎవరి పిల్లో పాపం! మన పిల్ల కాదులే వదినా, మొహం కనపడటం లేదుగా" అని మిషను వదిన నా భుజం పట్టుకుంది. ఆ చెయ్యి విడిపించుకున్నాను. కిందికి పరిగెత్తాను. వీధి గుమ్మం దగ్గర జనం గోడలా ఉన్నారు, పోలీసులు అటు ఎవరినీ వదలడం లేదు. ఎవరెవరినో బతిమాలుకుంటుండగా అమ్మాయితో పనిచేసే టీచరు ఫోను చేసింది. మోచెయ్యి విరిగిందట, పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారట. కూడలి ఖాళీ అయ్యేదాకా దారి లేదు, అక్కడే మెట్ల మీద కూలబడ్డాను.

ముందు ఆయనే వచ్చారు. చెప్పులు విప్పి, నన్ను దాటి మెట్లెక్కి, కుర్చీలో కూర్చున్నారు. వెనకే వెళ్ళాను.

"అమ్మాయి చెయ్యి విరిగింది" అన్నాను.

"తెలిసింది."

"మొహం కట్టుకుని ఉంది కదా. అది మనమ్మాయని మీకు తెలియదు కదూ?" ఆ ఒక్క మాట ఆయన నోట వస్తే చాలనిపించింది. తెలియదనండి, పొరపాటనండి, నమ్ముతాను.

"తెలియకేం? నువ్వు కుట్టిన గుడ్డ ఉందిగా. ఇంట్లో చెబితే విందా? నలుగురూ చుట్టుముడితే భయపడి ఇంటికొస్తుందనుకున్నా. కొడతారని ఎవరనుకున్నారు? అయినా నేను చెయ్యి చేసుకున్నానా ఏమన్నానా? వేలు చూపించానంతే." గొంతులో వణుకు లేదు. "అలా గుడ్లప్పగించి చూస్తావేం? టీ పెట్టు. రాత్రికి మావాళ్ళు కొందరొస్తారు."

తప్పిపోకూడదని కుట్టిన గుడ్డ. నా చేత్తో, నా దారంతో. ఆయన ఇంకా ఏదో చెబుతూనే ఉన్నారు. పెదాలు కదలడం కనిపిస్తోంది, మాట వినబడటం లేదు. ఈ మనిషి మాత్రలు వేసుకోవడం మరిచిపోతారేమోనని పొద్దున ఎంత కంగారుపడ్డాను! ఒంటి మీద ఉన్న చీరతోనే మెట్లు దిగాను. "ఎక్కడికే?" అని వెనకనుంచి కేక వినిపించింది. కూడలిలో చెప్పులు, చిరిగిన జెండాలు తొక్కుకుంటూ ఆసుపత్రి వైపు నడిచాను.

అమ్మాయి చెయ్యి అతుక్కుంది. మేమిద్దరం ఉంటున్న అద్దెగది నుంచి బడికి వెళ్తోంది. అప్పుడప్పుడు ఆ ఇంటికి వెళ్ళి వాళ్ళ నాన్నని చూసి వస్తుంది. కన్నతండ్రి కదమ్మా అంటుంది. నేను కాదనను. ఆ ఇంటికి మళ్ళీ వెళ్ళనిది నేను. వచ్చేసింది ఆ శుక్రవారం సాయంత్రం, టీ పెట్టమన్న తర్వాత.