దీక్షలో మజ్జిగ

మగ్గం మీద మద్దిలేటి చేతిలో పోగు నడిపే నాడె ఆడుతుంటే గద్వాలలో తోటి నేతగాళ్లు మగ్గం దిగి వచ్చి చూసేవారు. పనితనం అంతటిది. కడుపు మాత్రం పగవాడికి కూడా వద్దు. జానెడు నేసేసరికి మెలిపెట్టేది, చెంబు పట్టుకొని పరుగు. వచ్చి కూర్చుంటే మళ్లీ పరుగు. లేదంటే మూడు రోజులు బిగదీసుకొని ఉబ్బరం. హకీము పొట్లాలిచ్చాడు, ఇంకొకాయన తాయెత్తు కట్టాడు. పొట్లాలు అయిపోయాయి, తాయెత్తు నల్లబడింది, చెంబు మాత్రం చెయ్యి దిగలేదు.

ఇంట్లో చీరలు నేసేటప్పుడు ఎన్నిసార్లు లేచినా అడిగేవాడు లేడు. సంస్థానం తరఫున తిరుపతి దేవుడికి పోయే పంచెల సంగతి వేరు. నలభై ఒక్క రోజులు దీక్షపట్టి, ఒంటిపూట తిని, మడితో నేయాలి. వెడల్పాటి మగ్గం, ముగ్గురు కలిసి కూర్చోవాలి. ఒకడు లేస్తే ముగ్గురూ ఆగాలి. బయటికి పోయినవాడు తలస్నానం చేస్తేగాని పోగు ముట్టరాదు. మద్దిలేటి తాతా తండ్రీ ఆ మగ్గం మీద కూర్చున్నవాళ్లే. కిందటేడు అతన్నీ కూర్చోబెట్టి, ఐదోనాటికే ఇంటికి పంపేశారు. నెల రోజులు అతను వీధి ముఖం చూడలేదు.

అతని భార్య అనంతమ్మకు ఏడవడం చేతకాదు, ఊరుకోవడం అంతకన్నా చేతకాదు. పొయ్యి పక్కన ఒక దారం వేలాడదీసింది. మగడు నెమ్మదిగా ఉన్న రోజు దానికి తెల్లపోగు, పరుగెత్తిన రోజు ఎర్రపోగు ముడివేసేది. ఎర్రపోగు పడ్డప్పుడల్లా కిందటి పూట ఏం వండిందో తలచుకునేది. ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ, శనగపప్పు దొరికిపోయాయి. వాటిని మానిపించి జొన్నరొట్టె, బీరకాయ, పల్చటి మజ్జిగ పెట్టింది. రోగం పోలేదు గాని, చెప్పినమాట వినడం నేర్చింది.

దీక్ష మగ్గం మీద పెద్దరికం ఏళ్లుగా పెద్దన్నది. ఈ ఏడు మద్దిలేటి పేరెత్తగానే తల అడ్డంగా ఊపాడు. అనంతమ్మ తానే పూచీ పడింది.

“ఈసారి గిట్ల లేసి వస్తే మా ఇంటోళ్లు మళ్ల ఆ మగ్గం పేరెత్తరు మామా.”

దీక్ష వంటలో ఉల్లీ ఎల్లీ ఎలాగూ ఉండవు. అనంతమ్మ గట్టెక్కామనుకుంది. మూడోనాడు మద్దిలేటి రెండుసార్లు లేచాడు. నాలుగోనాడు మూడుసార్లు. రేపొక్కరోజు చూస్తానని పెద్దన్న కబురు పెట్టాడు.

అనంతమ్మ దారం ముందేసుకొని కూర్చుంది. కొత్తగా కడుపులో పడ్డదేమిటి? రాత్రిపూట దీక్షవాళ్లకు అన్నం బదులు లోటా నిండా పోసే పాలు! అప్పుడు ఇంకో సంగతి తట్టింది. మగడికి నలతగా ఉన్నప్పుడల్లా కడుపుకు చలువని తనే పాలు కాచి తాగించింది. వాటి తర్వాతే ఎర్రముడులు వరుసగా ఉన్నాయి. తన చేత్తో తానే! సిగ్గుతో, కోపంతో ఆమె చెవులు వేడెక్కాయి. అట్లాగే లేచి పెద్దన్న ఇంటికి నడిచింది.

చల్లకొచ్చి ముంత దాచే రకం కాదు అనంతమ్మ. పాలు మానిపించి మజ్జిగ పోయమని నిలబడి అడిగింది. తాతలనాటి దీక్ష, పాలు కాదంటే అపచారం అన్నాడు పెద్దన్న.

“పాలు తాగి మగ్గం ఇడిసిపోతే అపచారం గాదా మామా? మజ్జిగ తాగి కదలకుంట కూసుంటే అపచారమా? దేవునికి పంచె గావాల్నా, పాలు గావాల్నా?”

పెద్దన్న మెత్తబడ్డాడు. మజ్జిగ పోయిస్తానన్నాడు, ఇంకొక్కసారి లేస్తే మాత్రం అంతే అన్నాడు.

ఐదోనాడు మద్దిలేటి లేవలేదు, ఆరోనాడూ లేవలేదు. పద్దెనిమిదోనాడు కొంచెం మెలిపెట్టింది. పంటి బిగువున కూర్చుంటే అదే సర్దుకుంది. తెల్లముడులు దారం చివరికొచ్చాయి.

నలభై ఒకటోనాడు పంచెలు మగ్గం నుంచి కోసి, ఇంటివాళ్లనీ పిలిచి పూజచేసి, అందరికీ పాలు ప్రసాదంగా ఇచ్చారు. మద్దిలేటి లోటాను కళ్లకద్దుకొని భార్యకిచ్చాడు. ఆమె గటగటా తాగేసి, ఏమంటాడోనని పెద్దన్న వైపు చూసింది. ఆయన లోటా ముట్టనేలేదు. అందరూ బయటికి నడిచాక దాన్ని ఆమె ముందుకు జరిపాడు.

“ఇవి గూడ నువ్వే తాగు బిడ్డా. నాది గూడ గసుంటి కడుపే. గందుకే వయసులున్నప్పుడే మగ్గం దిగి పెద్దరికం పట్టిన. ఎవ్వలికి జెప్పలె.”

అనంతమ్మ లోటా అందుకొని పక్కన పెట్టింది. మగ్గం కిందినుంచి తెగిన దారం ఒకటి ఏరి ఆయన చేతిలో పెట్టింది.

“ఇయ్యాల్టి సంది ముడెయ్యి మామా,” అంది.